మీకు తెలుసా? సున్నాలను నమ్మరని ఎవరెస్టు రెండడుగులు పెరిగింది!

లెక్కల పుస్తకంలో ‘ప్రామాణిక రూపం’ అనీ, ఇంటర్ ఫిజిక్స్‌లో ‘సార్థక సంఖ్యలు’ అనీ కనిపించగానే పేజీ తిప్పేసేవాళ్లు చాలామంది. తిప్పకండి! మొదటిదంటే సంఖ్యను పదుల ఘాతంతో రాయడం, రెండోదంటే కొలతలో నమ్మదగిన అంకెలు, అంతే. ఆ రెండు మాటల చాటున ఎంత వినోదం ఉందో చెబితే నమ్మలేరు. ఏళ్ల తరబడి పోగేసుకున్న వింతల్లోంచి కొన్ని ఇవిగో. పైనుంచి కిందికే చదవాలని లేదు, ఎక్కడ కన్ను పడితే అక్కడ మొదలుపెట్టండి.

ఎవరెస్టు ఎత్తును లెక్కగట్టినప్పుడు సరిగ్గా 29,000 అడుగులు వచ్చిందట, కానీ 1856లో లోకానికి చెప్పింది 29,002 అడుగులు! మూడు సున్నాలు కనబడితే ‘ఏదో ఉజ్జాయింపుగా చెప్పారులే’ అని జనం కొట్టిపారేస్తారని సర్వేవాళ్లు రెండడుగులు కలిపేశారని చెప్పుకుంటారు. అందుకే అప్పటి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా గురించి ‘ఎవరెస్టు మీద మొదట రెండు అడుగులు వేసింది ఆయనే’ అని సరదాగా అంటారు. ఈ చమత్కారం తెలుగులో కూడా ఎంత చక్కగా అతికిందో చూశారా!

మరి ఆ రెండడుగులు కలపకుండా పరువు కాపాడుకునే దారి లేదా? ఉంది! 2.9000 × 10⁴ అడుగులు అని రాస్తే చాలు. 2.9 × 10⁴ అంటే ‘వెయ్యి అడుగుల దాకానే నాకు తెలుసు’ అని, 2.9000 × 10⁴ అంటే ‘చివరి అడుగు దాకా కొలిచాను’ అని అర్థం. విలువ ఒకటే, ధీమా వేరు!

0.0045 మీటర్లు అనే కొలతలో సార్థక సంఖ్యలు ఎన్ని? అయిదు అనుకున్నారా? రెండే! ముందున్న సున్నాలు దశాంశ బిందువు ఎక్కడుందో చూపించడానికే నిలబడ్డాయి. అదే పొడవును 4.5 మిల్లీమీటర్లు అంటే ఒక్క సున్నా లేదు, 0.0000045 కిలోమీటర్లు అంటే ఆరు సున్నాలు. స్కేలు మారలేదు, కొలిచిన చెయ్యీ మారలేదు, సున్నాలు మాత్రం వచ్చి పోయాయి!

405లో మధ్యనున్న సున్నా మాత్రం అసలు సిసలు సార్థక సంఖ్య! ఇద్దరు పెద్దమనుషుల మధ్య కూర్చున్నవాణ్ని ఎవరు లేపగలరు?

బంగారం కొట్టు కాటా మీద తులం బరువు 10.000 గ్రాములు అని మూడు సున్నాలతో వెలుగుతుంది, బియ్యం కొట్టు కాటాకు అంత పట్టింపు లేదు! గ్రాము ధర పదివేల రూపాయలు అనుకుంటే మిల్లీగ్రాము ధర పది రూపాయలు, అంటే ఆ చివరి సున్నా తప్పయితే మీ జేబుకే చిల్లు.

బంగారం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మీ గాజుల మీద ఉన్న 916 ముద్రలో ఒక చిన్న తప్పటడుగుంది, కనిపెట్టారా? 22 క్యారెట్లను 24తో భాగిస్తే 0.91666... వస్తుంది, దాన్ని మూడంకెలకు సవరిస్తే 917 కావాలి. ముద్రలో మాత్రం తోకను కోసేసి 916 అన్నారు! ఆ గాజులు వేసుకున్న చేతులతోనే ఎంతోమంది టీచర్లు పిల్లలకు ‘6 వస్తే ముందంకెకు ఒకటి కలపాలి’ అని నేర్పుతుంటారు.

డజను అరటిపళ్లలోని 12కి సార్థక సంఖ్యలు రెండు కాదు, అనంతం! పళ్లను లెక్కపెడతాం గానీ కొలవం కదా, అందుకని అది 12.000000... అని ఎంత దూరమైనా సాగుతుంది.

2.5ను దగ్గరి పూర్ణాంకానికి సవరించమంటే లెక్కల మాస్టారు 3 అంటారు, ఫిజిక్స్ మాస్టారు 2 అంటారు, ఇద్దరూ కరెక్టే! ఫిజిక్స్ పాఠంలో సరిగ్గా 5 దగ్గర ఆగితే ముందంకె సరిసంఖ్య అయితే వదిలేయాలి, బేసి అయితే ఒకటి పెంచాలి, అందుకని 6.25 కాస్తా 6.2 అవుతుంది, 6.35 మాత్రం 6.4 అవుతుంది. అన్నిసార్లూ పైకే సవరిస్తే వేల లెక్కలు కలిపేసరికి మొత్తం ఉబ్బిపోతుంది. సగంసార్లు కిందికి, సగంసార్లు పైకి వెళితే త్రాసు సమంగా నిలుస్తుంది!

సవరించకుండా తోక కోసేస్తే ఏమవుతుందో కెనడాలోని వాంకోవర్ స్టాక్ ఎక్స్ఛేంజి చూపించింది! 1982లో వెయ్యి పాయింట్లతో మొదలైన సూచీ 1983 నవంబరు నాటికి 524కి పడిపోయింది, నిజానికి అది 1,098 దగ్గర ఉండాల్సింది. రోజుకు దాదాపు మూడువేల సార్లు సూచీని లెక్కగట్టేవారు, ప్రతిసారీ మూడో దశాంశం తర్వాతి అంకెలను కంప్యూటరు విసిరేసేది. పావలా కాదు, పైసా కాదు, పైసాలో ముక్క. ఆ ముక్కలే చేరి చేరి సగం సూచీని మింగేశాయి!

1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటరుకు 0.506127 ఇవ్వాల్సిన చోట 0.506 ఇచ్చి కాఫీకి వెళ్లాడు, తిరిగొచ్చేసరికి వాతావరణం మొత్తం వేరేగా ఉంది! మూడు అంకెలు వదిలేస్తే కొంప మునిగేదేముందనుకున్నాడు పాపం, ఆ మూడంకెల నుంచే ‘సీతాకోకచిలుక ప్రభావం’ అనే ఆలోచన రెక్కలు విప్పింది.

జ్వరం వచ్చినప్పుడు అందరూ తలచుకునే 98.6 డిగ్రీల్లోని ఆ ‘.6’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ 1868లో వేలాది రోగుల కొలతలు తీసి, సగటు శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ అన్నాడు. రెండే అంకెలు! దాన్ని ఫారన్‌హీట్‌లోకి మార్చగానే 98.6 అని మూడంకెలు వచ్చాయి. ఎవరూ కొలవని కచ్చితత్వం గుణకారంలో ఊరికే పుట్టుకొచ్చింది! మనిషి మనిషికీ, పొద్దుటికీ సాయంత్రానికీ ఒంటి వేడి మారుతూనే ఉంటుంది కాబట్టి, 98.4 కనిపించిందనో 98.8 కనిపించిందనో కంగారు పడకండి.

1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో పీటీ ఉషకు పతకం తప్పించింది రెండో దశాంశ స్థానం! 400 మీటర్ల హర్డిల్స్‌లో ఆమె 55.42 సెకన్లు, కాంస్యం గెలిచిన రొమేనియా అమ్మాయి 55.41 సెకన్లు. గడియారం మొదటి దశాంశం దగ్గరే ఆగి ఉంటే ఇద్దరిదీ 55.4. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈతలో ఇంకా విచిత్రం! 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ 400 మీటర్ల మెడ్లేలో స్వీడన్ ఈతగాడు లార్సన్ 4 నిమిషాల 31.981 సెకన్లలో, అమెరికా ఈతగాడు మెకీ 31.983లో ముగించారు. తేడా సెకనులో వెయ్యింట రెండు వంతులు, నీటిలో అది మూడు మిల్లీమీటర్ల దూరం! మరి ఈతకొలను లేన్ల పొడవులోనే మూడు సెంటీమీటర్ల దాకా తేడా ఉండొచ్చని నిబంధనలు ఒప్పుకుంటాయి. కొలను గోడ కన్నా గడియారానికి ఎక్కువ తెలుసా? తెలియదు కాబట్టే ఆ తర్వాత ఈత పోటీల్లో మూడో దశాంశాన్ని తీసేశారు. సార్థకం కాని అంకెను ఇంత గౌరవంగా సాగనంపిన సందర్భం నాకింకోటి కనబడలేదు!

వానాకాలంలో మన పేపర్లు రోజూ 10⁹ గురించి రాస్తాయి, ఎక్కడో చెప్పుకోండి? టీఎంసీ! ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అంటే 10⁹ ఘనపుటడుగులు, లీటర్లలో 2.83 × 10¹⁰. శ్రీశైలం జలాశయం పూర్తి నిల్వ 215.81 టీఎంసీలు అంటే సుమారు 6.11 × 10¹² లీటర్లు. ఆ లీటర్లను సున్నాలతో రాస్తే పేపర్లో కాలమ్ చాలదు!

అదే శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, రోజువారీ లెక్కలో 884.80 అని చివరి సున్నాతో సహా రాస్తారు. అంగుళంలో ఎనిమిదో వంతు అటూ ఇటూ తేడా వస్తే పట్టుకుంటామని ఆ సున్నా చెబుతోంది. అంత పెద్ద జలాశయం మీద అంత సన్నటి గీత ఎన్ని కోట్ల లీటర్లో ఆలోచించండి!

రోజంతా 11,574 క్యూసెక్కులు, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులు పారితే ఒక టీఎంసీ నిండుతుంది, పది లక్షల సెకన్లు గడిస్తే 11.574 రోజులు అవుతాయి. ఆ అంకెలు కవల పిల్లల్లా ఉన్నాయేం? రెండు చోట్లా పదుల ఘాతాన్ని రోజులోని 86,400 సెకన్లతోనే భాగించాం. నీరైనా కాలమైనా, సార్థక సంఖ్యలు అవే, ఘాతాంకమే వేరు!

సెకనుకో రూపాయి లెక్కపెడుతూ కూర్చుంటే లక్ష రూపాయలకు ఒక రోజు మీద మరో నాలుగు గంటలు చాలు, కోటికి దాదాపు నాలుగు నెలలు. మరి టీవీలో రోజూ వినే ‘లక్ష కోట్ల’కు? 31,700 ఏళ్లు! 10⁵, 10⁷, 10¹² అని పక్కపక్కన రాస్తే ఏదో మెట్లెక్కినట్టుంటుంది, ఎక్కి చూస్తే గానీ చివరి మెట్టు మేఘాల్లో ఉందని తెలియదు.

తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో 24 స్థానాలకు పేర్లు పెట్టాడు, చివరిదాని పేరు మహాక్షోభ! అది 10²³. 18 గ్రాముల నీటిలో ఉండే అణువుల సంఖ్య 6.02 × 10²³ అని కెమిస్ట్రీలో చదువుతాం కదా, అంటే ఆరు మహాక్షోభలు. అవగాడ్రో సంఖ్యకు మన దగ్గర వెయ్యేళ్లకు ముందే పేరు సిద్ధంగా ఉంది! ఆ పుస్తకాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగులోకి పద్యాలుగా తెచ్చినవాడు మన పావులూరి మల్లన. లెక్కలను పద్యాల్లో పెట్టిన ఆ చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

విశ్వమంతా ఇసుకతో నింపితే ఎన్ని రేణువులు పడతాయో క్రీస్తుకు రెండు శతాబ్దాలకు ముందే ఆర్కిమిడీస్ లెక్కగట్టాడు! ఒక గసగసం గింజంత చోట పదివేల రేణువులు పడతాయనుకుని మొదలుపెట్టి, ఇవాళ మనం 10⁶³ అని రాసే సంఖ్య దగ్గర తేలాడు. అప్పటి గ్రీకుల దగ్గర పదివేలకు మించి విడి పేరు లేదు, అందుకని పెద్ద సంఖ్యల కోసం కొత్త పద్ధతినే కట్టి సిరాక్యూస్ రాజు గెలోన్‌కు విన్నవించాడు. గసగసాలతో కూర వండుకుంటాం గానీ విశ్వాన్ని కొలవొచ్చని ఎవరికి తోచింది!

1 పక్కన నూరు సున్నాలు పెడితే వచ్చే సంఖ్యకు పేరు పెట్టింది తొమ్మిదేళ్ల కుర్రాడు! అమెరికా గణితవేత్త ఎడ్వర్డ్ కాస్నర్ తన మేనల్లుణ్ని అడిగితే ‘గూగోల్’ అన్నాడట, ఆ పేరు నుంచే గూగుల్ పుట్టింది. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువులన్నీ కలిపినా దాదాపు 10⁸⁰ దగ్గరే ఆగుతాయి, కుర్రాడి గూగోల్ మాత్రం 10¹⁰⁰. అంత పెద్దదాన్ని అయిదంకెల్లో రాసేశాం, గమనించారా?

1946లో హంగేరీలో ఒక నోటు విలువ 10²⁰ పెంగోలు! అన్ని సున్నాలూ అచ్చు వేస్తే నోటు పట్టదు కాబట్టి ‘పది కోట్ల బి-పెంగో’ అని అక్షరాల్లో వేశారు, అందులో ‘బి’ అంటే 10¹² అన్నమాట. ధరలు ఆకాశాన్నంటిన కష్టకాలంలో ఆ దేశంలోని కూరగాయల సంత కూడా ఘాతాంకాలు నేర్చుకుంది. 2009లో జింబాబ్వే మాత్రం తన నోటు మీద పద్నాలుగు సున్నాలనూ వరసగా అచ్చు వేసింది!

విశాఖ బీచ్‌లో నిలబడి ఒక గ్లాసు నీళ్లు సముద్రంలో పోశారనుకోండి. భూమి మీది సముద్రాలన్నిట్లో అవి పూర్తిగా కలిసిపోయాక, ఎక్కడో చిలీ తీరంలో ఒక గ్లాసు ముంచితే మీరు పోసిన అణువుల్లో ఎన్ని దొరుకుతాయి? ఒక్కటీ దొరకదనుకున్నారా? దాదాపు వెయ్యిన్నర! పావు లీటరు గ్లాసులో 8.4 × 10²⁴ అణువులుంటాయి, అన్ని సముద్రాల్లోనూ కలిపి ఉన్న గ్లాసులు 5 × 10²¹ చిల్లర. పైదాన్ని కిందిదానితో భాగించి చూసుకోండి. నేను నమ్మలేక మూడుసార్లు భాగించాను!

పేక ముక్కలు బాగా కలిపి పంచిన ప్రతిసారీ, ఆ వరస ప్రపంచ చరిత్రలో అంతకు ముందెప్పుడూ వచ్చి ఉండదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు! 52 ముక్కలను 8.07 × 10⁶⁷ రకాలుగా పేర్చవచ్చు. భూమ్మీది 800 కోట్ల మందీ విశ్వం పుట్టినప్పటి నుంచీ సెకనుకోసారి కలుపుతూ ఉన్నా ఇప్పటికి 10²⁸ వరసలు కూడా పూర్తి కావు.

మిల్లీమీటరులో పదో వంతు మందమున్న కాగితాన్ని 42 సార్లు మడిస్తే చంద్రుణ్ని దాటిపోతుంది! మందం 4.4 × 10⁵ కిలోమీటర్లు అవుతుంది, చంద్రుడుండేది 3.84 × 10⁵ కిలోమీటర్ల దూరంలో. ముందు ఎనిమిది సార్లు మడిచి చూపించండి, చూద్దాం.

చదరంగం గళ్లలో 1, 2, 4, 8 అని రెట్టింపు చేస్తూ బియ్యపు గింజలు పెట్టే కథ మీకు తెలిసే ఉంటుంది, జవాబు మాత్రం 18,446,744,073,709,551,615. ఇరవై అంకెలు! 1.84 × 10¹⁹ అంటే నోరు నొప్పి పుట్టదు. గింజ బరువు 20 మిల్లీగ్రాములు అనుకుంటే అది 37,000 కోట్ల టన్నుల బియ్యం, ఇప్పటి ప్రపంచ పంటతో తీర్చాలంటే కొన్ని వందల ఏళ్లు పడుతుంది.

గోళ్లు సెకనుకు ఎంత పెరుగుతాయి? సుమారు 1 × 10⁻⁹ మీటరు! ఈ వాక్యం చదివేలోపు మీ గోరు నాలుగైదు నానోమీటర్లు పెరిగింది, ఎవరికీ చెప్పకుండా.

అంతరిక్ష నౌకలను నడపడానికి నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వాడే ‘పై’ విలువ 3.141592653589793, అంతే! అందులో ఉన్నవి 16 సార్థక సంఖ్యలే. 2,400 కోట్ల కిలోమీటర్ల వ్యాసార్ధంతో, అంటే దాదాపు వాయేజర్-1 ఉన్నంత దూరాన, వృత్తం గీసి చుట్టుకొలత లెక్కగట్టినా వచ్చే తప్పు సెంటీమీటరున్నరకు మించదు. అయినా మనిషికి ఆశ చావదు: 2022లో గూగుల్ కంప్యూటర్లు ‘పై’ని కోటి కోట్ల అంకెల దాకా, అంటే 10¹⁴ దాకా లాగాయి!

ఆర్యభటుడు క్రీ.శ. 499లో 20,000 వ్యాసమున్న వృత్తం చుట్టుకొలత 62,832 అన్నాడు, అంటే ‘పై’ 3.1416. అయిదు సార్థక సంఖ్యలు! ఆ సంఖ్య పక్కనే ‘ఆసన్న’ అనే మాట చేర్చాడు, అంటే ‘దగ్గరిది, అచ్చంగా అదే కాదు’ అని. పదిహేను వందల ఏళ్ల కిందట కొలతతో పాటు దాని హద్దునూ చెప్పిన ఆ ఒక్క మాట ఈ మూటలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది.

ఏడాదిలో ఎన్ని సెకన్లు? గుర్తుపెట్టుకోవడానికి చక్కటి కిటుకు: ‘పై’ × 10⁷! అసలు విలువ 3.156 × 10⁷, తేడా నూటికి అర పాలు. సూర్యుడి చుట్టూ తిరగడానికీ ఈ ‘పై’కీ సంబంధమేమీ లేదు, ఊరికే కుదిరింది.

1980లో లండన్‌లో శకుంతలాదేవి రెండు పదమూడంకెల సంఖ్యలను 28 సెకన్లలో గుణించింది! 7,686,369,774,870ని 2,465,099,745,779తో హెచ్చవేస్తే 18,947,668,177,995,426,462,773,730. మనలాంటివాళ్లం 7.7 × 10¹²ని 2.5 × 10¹²తో గుణించి ‘సుమారు 1.9 × 10²⁵’ అని చెప్పి ఊపిరి పీల్చుకోవచ్చు. ఆమె జవాబులో మాత్రం చివరి సున్నా కూడా ఖచ్చితం!

సహజ సంవర్గమానాలకు ఆధారమైన 2.71828... ఉంది కదా? ‘పై’ని 163 వర్గమూలంతో గుణించి దానికి ఘాతంగా వేస్తే వచ్చేది 262537412640768743.99999999999925. పన్నెండు తొమ్మిదులు! సాధారణ కంప్యూటరు పదహారు పదిహేడు అంకెల దగ్గరే చూపు ఆపేస్తుంది కాబట్టి ఇది పూర్ణాంకమేనని ఒట్టు వేసి చెబుతుంది. దీనికి రామానుజన్ స్థిరాంకం అని పేరు.

కంప్యూటరుకు 0.1, 0.2 కలపమంటే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.30000000000000004 అంటుంది! మనకు మూడో వంతు 0.333... అని తెగనట్టే, రెండంకెలతోనే బతికే కంప్యూటరుకు 0.1 తెగదు.

ఆ తెగని 0.1 ఒకసారి ప్రాణాలు తీసింది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో వంద గంటలుగా నడుస్తున్న పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ గడియారం సెకనులో పదో వంతులు లెక్కపెట్టి లెక్కపెట్టి 0.34 సెకను తప్పింది, ఆ కాస్త వ్యవధిలో అది కూల్చాల్సిన స్కడ్ క్షిపణి అర కిలోమీటరు దాటిపోయింది. ఇరవై ఎనిమిది మంది సైనికులు తిరిగి రాలేదు.

ఎక్సెల్‌లో మీ పదహారంకెల డెబిట్ కార్డు నంబరు కొట్టి చూడండి, చివరి అంకె సున్నా అయిపోతుంది! పదిహేను సార్థక సంఖ్యలకు మించి దానికి గుర్తుండవు. 91తో మొదలుపెట్టి మొబైల్ నంబర్లు కొడితే మధ్యలో ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరంతో ఏదో వింత రాత కనిపించి చాలామంది హడలిపోతారు, అది 9.19 × 10¹¹ అని చెప్పే పొట్టి పద్ధతే. కొన్ని జన్యు సమాచార సంకేతాల్లోనూ అంకెల మధ్య అదే అక్షరం ఉండటంతో ఎక్సెల్ వాటిని పదుల ఘాతాలుగా, కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేసింది. జన్యువుల పట్టికలను ఎక్సెల్‌లో జతచేసిన పరిశోధన పత్రాల్లో అయిదింట ఒక వంతుకు ఈ తెగులు పట్టిందని 2016లో తేలింది. చివరికి 2020లో శాస్త్రవేత్తలు కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు!

విశ్వంలో ప్రోటాన్లు ఎన్ని? ఆర్థర్ ఎడింగ్టన్ 1938లో ‘సుమారు’ అనకుండా 15,747,724,136,275తో మొదలయ్యే ఎనభై అంకెల సంఖ్యను చివరి అంకె దాకా చెప్పాడు! తన సిద్ధాంతం నుంచి వచ్చిన 136 అనే సంఖ్యను 2²⁵⁶తో గుణించాడు. ఎనభై సార్థక సంఖ్యల ధైర్యం మళ్లీ ఎవరూ చెయ్యలేదు. ఆ సిద్ధాంతం మాత్రం నిలవలేదు.

చెట్టు నుంచి కాయను రాల్చే గురుత్వాకర్షణ మనకు బాగా తెలుసనుకుంటున్నారా? గురుత్వ స్థిరాంకం విలువ 6.6743 × 10⁻¹¹, గట్టిగా నమ్మదగినవి ఆ అయిదంకెలే! 1798లో కావెండిష్ మొదలుపెట్టిన కొలత రెండు శతాబ్దాల తర్వాత కూడా అంతకు మించి పెద్దగా కదల్లేదు. కంటికి కనిపించని ఎలక్ట్రాన్ అయస్కాంత గుణం మాత్రం పన్నెండంకెలకు పైగా తెలుసు. గురుత్వ బలం అంత తక్కువ మరి!

కాంతి వేగం సెకనుకు 299,792,458 మీటర్లు, ఇందులో తప్పు ఎంతో తెలుసా? సున్నా! 1983 నుంచి మీటరునే కాంతి వేగంతో నిర్వచిస్తున్నారు కాబట్టి ఇక కొలవాల్సిన పని లేదు.

అవగాడ్రో సంఖ్య ఇంకా గమ్మత్తు! 2019 మే 20 నుంచి అది ఖచ్చితంగా 6.02214076 × 10²³. విప్పి రాస్తే 602214076 పక్కన పదిహేను సున్నాలు వస్తాయి, ఆ పదిహేనూ సార్థకాలే. ‘సున్నకు సున్న, హళ్లికి హళ్లి’ అని ఈ సున్నాల ముందు అనకండి!

భూమి బరువు కిలోల్లో 5.97 × 10²⁴. గ్రాముల్లో చెప్పాలంటే ఇప్పుడు ఒక ముద్దుపేరు ఉంది: ఆరు రొన్నాగ్రాములు! 2022లో 10²⁷కి రొన్నా, 10³⁰కి క్వెట్టా అని పేర్లు పెట్టారు, బృహస్పతి తూకం దాదాపు రెండు క్వెట్టాగ్రాములు.

చంద్రుడి దాకా వెళ్లిన అపోలో వ్యోమగాముల దగ్గర స్లైడ్ రూల్ అనే లెక్కల స్కేలు ఉండేది, దాని మీద చదవగలిగేది మూడు సార్థక సంఖ్యలే! అది అంకెలనే చూపిస్తుంది, ఘాతాంకాన్ని చూపించదు. పదులు ఎన్నో మనసులోనే లెక్కపెట్టుకోవాలి. మన ఇళ్లల్లో అటక మీద అట్ట ఊడి ఉండే సంవర్గమాన పట్టికలు, అదే క్లార్క్స్ టేబుల్స్, అంతకంటే ఒకడుగు ముందే, నాలుగు అంకెలిచ్చేవి. సంవర్గమానంలోని పూర్ణాంక భాగాన్ని, అంటే క్యారెక్టరిస్టిక్‌ను చూసుకోవడం మర్చిపోయి జవాబు పది రెట్లు తప్పిన అనుభవం మీ ఇంట్లో ఏ పెద్దవాళ్లకుందో ఓసారి అడగండి!

1977లో వచ్చిన ‘పవర్స్ ఆఫ్ టెన్’ అనే సినిమా నిడివి తొమ్మిది నిమిషాలే, ప్రయాణం మాత్రం నలభై ఘాతాంకాలు! షికాగోలో సరస్సు ఒడ్డున దుప్పటి పరుచుకుని కునుకు తీస్తున్న మనిషి దగ్గర మొదలై, పది సెకన్లకోసారి పది రెట్లు దూరం జరుగుతూ 10²⁴ మీటర్ల దాకా వెళుతుంది. మళ్లీ వెనక్కొచ్చి అతని చేతి చర్మంలోంచి పరమాణువు గుండెలోకి, 10⁻¹⁶ దాకా దిగుతుంది. అంతసేపూ ఆ మనిషికి మెలకువ రాదు!

పడుకునే ముందు ఒక్క ప్రశ్న. 0.00450, 4500, 4.500 × 10³: ఈ మూడింట్లో సార్థక సంఖ్యలు ఎన్నేసి? మొదటిదానికి మూడు, చివరిదానికి నాలుగు. మధ్యలోని 4500కి? రాసినవాణ్ని వెళ్లి అడగాల్సిందే!